ఇంకెంత దూరం

పరదేశయ్య గారికి ఒక అలవాటు ఉండేది. ఆయన వెంట నడిచేవాళ్లలో ఎవరైనా "ఇంకెంత దూరమండీ" అని అడిగితే జవాబు చెప్పేవారు కాదు. మూట దించి, ఉన్నచోటనే కూర్చునేవారు. ఎండా నీడా చూసేవారు కాదు, రాళ్లా ముళ్లా అని చూసేవారు కాదు. గురువు కూర్చున్నాక వెనకున్న ముప్ఫై మందీ కూర్చోవాల్సిందే. ఓ పావుగంట అలా కూర్చుని, ఎవరితోనూ ఏమీ అనకుండా లేచి మళ్లీ నడక సాగించేవారు. శ్రీపంచమి నాడు కృష్ణ సముద్రంలో కలిసే చోట మునిగి బయల్దేరి, ఒడ్డు పట్టుకుని ఇరవై అయిదు రోజులు నడిచి, శివరాత్రికి శ్రీశైలం చేరే బృందం వాళ్లది. అడగకూడని మాట అడిగినందుకు గురువు గారు వేసే శిక్ష అది అని బృందంలో అందరికీ తెలుసు. తెలుసు అంటే, కోటిలింగం చెప్పగా తెలుసు.

ఈ కోటిలింగం బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్లుగా జనాన్ని "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని తోలి తోలి, బండి ఎక్కడ ఆగినా ప్రాణం ఉసూరుమనే స్థితికి వచ్చినవాడు. అతను నడకకు వచ్చిన మొదటి ఏడు, నెల్లూరు ప్లీడరు ఒకాయన మిట్టమధ్యాహ్నం ఆ మాట అడిగాడు. బృందమంతా మాడే ఇసుకలో చతికిలబడింది. కోటిలింగానికి తల కొట్టేసినట్టయింది. ఇంతటి గురువు గారికి ఇలా కోపం తెప్పించడమా అనుకున్నాడు. రెండో ఏటి నుంచి, ఎవరూ అడగకుండానే, ఆ పని తన నెత్తిన వేసుకున్నాడు. బయల్దేరే రోజున కొత్తవాళ్లను పక్కకు పిలిచి, "చూడండి, నీళ్లు అడగండి, మందు అడగండి. ఆ ఒక్క మాట మాత్రం అడక్కండి" అని చెప్పేవాడు. ఎవరైనా నోరు తెరవబోతే వెనక్కి తిరిగి ఒక చూపు చూసేవాడు. టిక్కెట్టు లేనివాడిని చూసే చూపు అది. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి అడిగేవాళ్లే లేకుండా పోయారు.

అలా పదకొండేళ్లు నడిచాడు. పన్నెండో నడక పూర్తయితే పుష్కరం నడిచినట్టు. బృందంలో అప్పటికి పుష్కరం దాటింది ఒక్క పరదేశయ్య గారే. రెండోవాణ్ణి తానే కావాలని కోటిలింగం ఆశ. ఆ ఆశ లోపల పెట్టుకుని పైకి అననివాడూ కాదు. డిపోలో డ్రైవర్లందరికీ చెప్పి మరీ బయల్దేరాడు.

వాళ్లలో ఇంకో ఆచారం కూడా ఉంది. దారిలో కాలు చెడి ఆగిపోయినవాడు తన చేతికర్రను బృందానికి ఇవ్వాలి. వాళ్లు దాన్ని మోసుకెళ్లి, కొండ కింద పాతాళగంగలో ముంచి తెచ్చి ఇస్తారు. కర్ర చేరితే మనిషి చేరినట్టే. కోటిలింగం తన కాలంలో నాలుగు కర్రలు మోశాడు. మోస్తూనే నవ్వాడు కూడా. "వీళ్లది లగేజీ టిక్కెట్టు, మనది మనిషి టిక్కెట్టు" అని పక్కవాడితో అనేవాడు.

పన్నెండో ఏడు, పదకొండో రోజున కుడి పాదంలో నొప్పి మొదలైంది. ఒక్క పావుగంట కూర్చుంటే సర్దుకునే నొప్పే. కూర్చోవాలంటే ఎవరో ఒకరు ఆ మాట అడగాలి. అడగవద్దని ఊరందరికీ చెప్పినవాడు తాను. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాడు. పన్నెండో రోజూ మింగాడు, పదమూడో రోజూ మింగాడు. పద్నాలుగో రోజు చింతరేవు దగ్గర గట్టు ఎక్కబోతే, ఈడ్చుకుంటూ వచ్చిన పాదం రాళ్ల మధ్య మడత పడింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు అతనికే వినిపించింది.

ఆ ఊళ్లో మస్తానమ్మ అని ఎముకలకు కట్టు కట్టే ఆవిడ ఉంది. అరవై దాటిన మనిషి. మేకలకైనా మనుషులకైనా ఒకటే చెయ్యి. కోటిలింగాన్ని ఆమె ఇంటి అరుగు మీద పడుకోబెట్టారు. పాదం ఒత్తి చూసి, "చిట్లింది నాయనా, పూర్తిగా విరగలా. నలభై రోజులు కదలకుండా ఉంటే నీ కాలు నీకిస్తా" అంది. మినప్పిండి గిన్నెలో వేసి, రెండు కోడిగుడ్లు పగలగొట్టబోయింది. కోటిలింగం చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీక్షలో ఉన్నానమ్మా. గుడ్డు తగలకూడదు."

"నిన్నేమన్నా తినమన్నానా? కాలికి రాస్తానంటన్నా. కాలికి నోరుందా?"

అతను ససేమిరా అన్నాడు. సొన పడకపోతే కట్టు బిగవదు, రెండడుగులేస్తే జారిపోతుంది అని ఆమె చెప్పింది. మొండివాడు రాజు కన్నా బలవంతుడు. ఉత్త ఆకు పసరూ మినప్పిండీ పూసి, వెదురు బద్దలు పెట్టి, గొణుక్కుంటూ కట్టు కట్టింది. తన నిష్ఠకు గురువు గారు మెచ్చుకుంటారేమోనని కోటిలింగం అటు చూశాడు. ఆయన కట్టు వంకే చూస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే బృందం మూటలు ఎత్తుకుంది. "కర్ర ఇవ్వు కోటిలింగం" అని పరదేశయ్య గారు చెయ్యి చాచారు. కోటిలింగం కర్రను పక్కలోకి లాక్కున్నాడు. మూడు రోజుల్లో లేస్తానని, రోజుకు రెండు మజిలీల చొప్పున నడిచి అడవిలో అందరినీ కలుసుకుంటానని చెప్పాడు. రాత్రంతా వేసుకున్న లెక్క అది. పరదేశయ్య గారు బలవంతపెట్టలేదు. తన కర్రనే తీసి, ఏటా రెండో వరసలో నడిచే రత్తమ్మ చేతికి ఇచ్చి, "దీన్ని ముంచి తీసుకురామ్మా" అన్నారు. బృందం వెళ్లిపోయింది. ఆయన వచ్చి అరుగు చివర కూర్చున్నారు.

"నా కోసం మీరు యాత్ర మానుకోవడమేమిటండీ" అని కోటిలింగం వాపోయాడు.

"మానుకోలేదు. ఆగాను" అన్నారు ఆయన.

ఆ సాయంత్రం మస్తానమ్మ చూపు ఆయన మోకాలి మీద పడింది. కొబ్బరికాయంత వాచి ఉంది. వేడి నూనె తెచ్చి రాస్తూ, "ఇది ఎన్నాళ్ల నించి సామీ" అని అడిగింది. పదేళ్లు దాటిందన్నారు. "మరి నడిచేటప్పుడు మధ్యమధ్యన కూర్చోవద్దా?" అంటే, "పగలు నా అంతట నేను ఆగకూడదమ్మా. నా మొక్కు అది. ఎవరైనా ఆపితేనే ఆగాలి" అన్నారు. ఈ మాటలన్నీ మూడడుగుల దూరంలో ఉన్న కోటిలింగం చెవిన పడ్డాయి. పడితే ఏం లాభం? అతను మజిలీలు లెక్కపెట్టుకుంటున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం గురువు గారు ఏటికి స్నానానికి వెళ్లారు. మస్తానమ్మ మిరపకాయలు ఏరడానికి కళ్లానికి పోయింది. కోటిలింగం కర్ర పట్టుకుని లేచాడు. మొదటి యాభై అడుగులు బాగానే పడ్డాయి. ఊరు దాటేసరికి కట్టు వదులైంది. బద్దలు మడమ మీదికి జారాయి. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ అడవి బాట మలుపు దాకా వెళ్లాడు. అక్కడ పడిపోయాడు. మిరపకాయల ట్రాక్టరువాడు చూసి, బస్తాల మీద పడుకోబెట్టి వెనక్కి తెచ్చాడు. ఘాటుకు దారి పొడుగునా తుమ్ములే. తుమ్మిన ప్రతిసారీ పాదంలో ప్రాణం పోయి వచ్చింది.

మస్తానమ్మ కట్టు విప్పి చూసింది. చిట్లిన చోట ఈసారి విరిగింది. "మళ్లీ మొదటి నించి నలభై రోజులు. ఇంకోసారి లేచావంటే నీ కాలు సంగతి నాకు చెప్పబాక" అని, గిన్నె తెచ్చుకుంది. "గుడ్డు కొట్టమంటావా?"

"కొట్టమ్మా" అన్నాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే నాయనా" అంది గాని, కట్టు మాత్రం ఎంతో మెత్తగా కట్టింది. అతను మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, కాలు నొప్పికి కాదు, పన్నెండో ఏడు పోయినందుకు ఏడ్చాడు.

ఆ తర్వాతి రోజులు ఒకదాన్నొకటి ఈడ్చుకుంటూ నడిచాయి. పడుకుని పడుకుని వీపు మండేది. పొద్దున ఎండ అరుగు మీది మొదటి బండ దగ్గర మొదలై మధ్యాహ్నానికి నాలుగో బండకు చేరేది. ఆ ఎండ కూడా తన కన్నా ఎక్కువ నడుస్తోందని అతనికి కడుపు మండేది. ఎవరి మీదా కోపం తెచ్చుకునే ఓపిక కూడా మెల్లగా పోయింది. అన్నం పెడితే తిన్నాడు, మాట్లాడిస్తే ఊఁ అన్నాడు. శివరాత్రి వచ్చి వెళ్లింది. మూడో రోజున బృందం బస్సులో తిరిగి వస్తూ చింతరేవులో దిగింది. రత్తమ్మ గురువు గారి కర్ర తెచ్చి ఇచ్చింది. దాని కింది కొసన ఏటి ఒండ్రు ఎండి ఉంది. ఆయన తువ్వాలుతో తుడుచుకుని, "ముప్ఫై ఒకటో నడక" అన్నారు, చాలా తృప్తిగా. రత్తమ్మ కోటిలింగం నుదుట విభూతి పెట్టింది. అరుగు వారన ఉన్న అతని కర్రను చూసింది గాని ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేదనిపించింది అతనికి. లగేజీ టిక్కెట్టు కూడా లేనివాడైపోయాడు.

వాళ్లు వెళ్లిపోయాక అడిగాడు. "గురువు గారూ, పదకొండేళ్లు ఒక్క పూట ఆగకుండా నడిచాను. ఇంతా చేసి ఇక్కడ కూలబడ్డాను. నడిచిందంతా ఏమైపోయినట్టు?"

పరదేశయ్య గారు "కట్టు విప్పనీ" అన్నారు.

ఉగాది దాటిన వారానికి కట్టు విప్పారు. పిక్క కరిగిపోయి, కాలు ములక్కాడలా ఉంది. ఇది నాదేనా అనుకున్నాడు కోటిలింగం. మస్తానమ్మ ఎముక తడిమి చూసి, అతుక్కుందని, వచ్చే ఏడు నడవొచ్చని, కానీ మునుపటి పరుగు ఇక కుదరదని చెప్పింది. "ఆగి ఆగి నడిస్తే బతికినన్నాళ్లూ మోస్తది. ఇయ్యాల మాత్రం ఈ అరుగు నించి ఆ బావి గట్టు దాకా. ఇరవై అడుగులు. తొందరపడబాక" అంది.

గురువు గారు పక్కన నిలబడ్డారు. కోటిలింగం పసిపిల్లవాడిలా తప్పటడుగులు వేశాడు. మొదటి అడుగుకే తొడ వణికింది. మూడో అడుగుకు చెమట పట్టింది. రోజుకు అయిదు కోసులు నడిచినవాడికి ఏడో అడుగు దగ్గర కళ్లు బైర్లు కమ్మాయి. బావి గట్టు ఎంతకీ దగ్గరకు రావడం లేదు. పరువు, పుష్కరం, డిపోలో చెప్పిన మాటలు, ఏవీ గుర్తు లేవు. ఉన్నదల్లా అలసట. ఆ అలసటలోంచి మాట తనంతట తాను బయటికి వచ్చింది.

"ఇంకెంత దూరమండీ?"

అన్నాక గాని ఏమన్నాడో తెలియలేదు. నాలుక కరుచుకుని పక్కకు చూశాడు. అప్పటికే పరదేశయ్య గారు కర్ర మీద బరువు మోపి, మోకాలిని చేత్తో పట్టుకుని, వాకిలి మధ్య మట్టిలో మెల్లగా కూర్చుంటున్నారు. కూర్చుని, "అమ్మయ్య" అన్నారు.

ఎవరూ అడగకుండా కాపలా కాసినవాడు కనక, ఆయన కూర్చునేటప్పటి మొహాన్ని కోటిలింగం దగ్గరగా చూసింది లేదు. ఇప్పుడు చూశాడు. అందులో కోపం లేదు. ఆ మొహం అతనికి కొత్తదీ కాదు. గుంటూరు నుంచి నిలబడి వచ్చిన ముసలాయనకు సగం దారిలో సీటు దొరికితే ఉండే మొహం అది. ఇరవై రెండేళ్లుగా రోజూ చూస్తున్న మొహమే.

అతను కూడా కర్ర పట్టుకుని, నెమ్మదిగా, ఆయన పక్కన కూర్చున్నాడు. మస్తానమ్మ చాట పట్టుకుని వాకిట్లోకి వచ్చి, "ఇదేంది సామీ, బావి కనపడతానే ఉందిగా" అంది. ఇద్దరూ లేవలేదు. పావుగంట అయింది. పరదేశయ్య గారు మోకాలు రాసుకుంటూ ఉన్నారు.

"నువ్వు రాకముందు," అన్నారు ఆయన, "రోజుకు నాలుగైదు సార్లు కూర్చునేవాళ్లం, కోటిలింగం."