నూరు అట్టల పుస్తకం

గౌరునాయుడికి గర్వమన్నది బొత్తిగా లేదు. తనంత తెలివైనవాడు చుట్టుపక్కల లేడన్న మాట తనంతట తాను ఎన్నడూ అనడు. ఎవరైనా అడిగితేనే అంటాడు. ఎవరూ అడక్కపోతే, అడిగేదాకా వాళ్ళ అరుగు దిగడు. ఆ ఇంటిల్లిపాదిదీ అదే తెలివి. పెద్దలు ఎలా చెబితే అలాగే చేస్తారు. సొంత బుర్ర వాడి పాడు చెయ్యరు.

ఆయన కూతురు పైడితల్లి తొమ్మిదో తరగతి. బళ్ళో కొందరు పిల్లలకి ఈ-రీడర్లు ఇస్తూ ఆ పిల్లకీ ఒకటిచ్చారు. పలకంత ఉంది. మేష్టారు గౌరునాయుణ్ణి పిలిచి మరీ చెప్పారు.

"ఇందులో నూరు పుస్తకాలున్నాయి. అచ్చం పుస్తకంలాగే చూసుకోండి. సోమవారం మీ అమ్మాయి చదివింది క్లాసులో చెప్పాలి. చెప్పకపోతే ఇది వేరే పిల్లకి ఇచ్చేస్తాం."

పైడితల్లి దాన్ని గుండెకి హత్తుకుంది. పాఠాలవి తప్ప ఆ పిల్లకంటూ ఇంతవరకు ఒక్క పుస్తకం లేదు మరి.

"పుస్తకం ఇంటికొస్తే ముందు ఏటి సేస్తాం?" అన్నాడు గౌరునాయుడు గుమ్మంలోకి రాగానే.

"అట్టేస్తాం," అంది భార్య సన్నమ్మ.

"నూరు పుస్తకాలకి?"

"నూరు అట్టలు!"

అంతే. సన్నమ్మ మైదా జిగురు ఉడికించింది. గౌరునాయుడు వీధంతా తిరిగి పాత పేపర్లు పోగేశాడు. అట్ట మీద అట్ట, దాని మీద ఇంకో అట్ట. శనివారం పొద్దు వాలేసరికి ఈ-రీడర్ తలగడంత అయింది.

"అయ్యా, ఇందులో అచ్చరాలేవి?" ఏడుపు మొహం పెట్టింది పైడితల్లి.

"కళ్ళెట్టి సూడే గుంటా! పైనంతా అచ్చరాలే కదేటి!"

నిజమే! ఇంకేముంది, పైడితల్లి మొదటి అట్ట చదివేసింది. అయిపోయిన పుస్తకానికి అట్టెందుకని గౌరునాయుడు దాన్ని ఒలిచేశాడు. కింద రెండోది. అదీ చదివింది. అదీ ఒలిచాడు. తిండి మాట మర్చిపోయి పిల్ల చదువుతూనే ఉంది.

సోమవారం క్లాసులో లేచి గడగడా చెప్పింది.

"అనగనగా ఎంబీయే చదివిన చామనఛాయ వరుడు తప్పిపోయాడు. ఆచూకీ చెప్పినవాళ్ళకి కిలో రొయ్యలు. ఆఖరికి ఈదురుగాలుల్లో టెండరు వేసి పట్టుకున్నారు."

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మేష్టారు నవ్వలేదు.

"ఎన్నో పుస్తకంలోదమ్మా?"

"నలభయ్యోదీ నలభయ్యొకటోదీ సార్. రెండూ అతుక్కుపోయాయి."

మేష్టారు నోరెళ్ళబెట్టారు. తక్కిన పిల్లలు తమ ఈ-రీడర్లలో ఆటలెక్కడున్నాయా అని వెతికి, లేవని తెలిసి మూల పడేశారు. ఈ పిల్ల రెండురోజుల్లో నలభై దాటించింది! ఈ-రీడర్ వల్ల పిల్లల్లో పఠనాసక్తి వెల్లువెత్తుతోందని పైవాళ్ళకి అప్పుడే రాసి పంపేశారు.

"ఇక అది నీదేనమ్మా. ఏటేటా అందులో కొత్త పుస్తకాలు వస్తాయి."

పైడితల్లి ఎగిరి గంతేసింది. మిగతా అట్టలూ చదివింది. ఆఖరిదీ ఒలిచాక లోపల నల్లటి పలక మిగిలింది. నొక్కినా పలకలేదు, ఊపినా పలకలేదు.

"అయ్యా, అన్నీ అయిపోయాయి. కొత్తవి ఎలాగొస్తాయి?"

గౌరునాయుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తొక్కంతా ఒలిచేశాం. ఇది టెంక. ఏటేటా రావాలంటే టెంకనేటి సేస్తారే?"

"పాతుతారు!" అన్నారు తల్లీ కూతుళ్ళు ఒక్కసారే.

అంతే. పెరట్లో గొయ్యి తీసి పాతేశారు. మేకలు రాకుండా కంచె కట్టారు. సన్నమ్మ పేడ ఎరువేస్తుంది, పైడితల్లి రెండుపూటలా నీళ్ళు పోస్తుంది. పుస్తకాల చెట్టు ఎన్నాళ్ళకి కాపుకొస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం గౌరునాయుడు దాచుకోడు. అదొక్కటీ తనకింకా తెలీదని ఒప్పేసుకుంటాడు.