బుద్రికి నీళ్లు పోయని ఊరు

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం మాట ఇది. ఆ కొండల్లో ఒక ఊరు. ఊరి చివర ఒక పనసచెట్టు. చెట్టు పక్కన ఒక గుడిసె. ఆ గుడిసెలో బుద్రి ఉండేది. బుధవారం పుట్టింది కాబట్టి బుద్రి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఊళ్లోవాళ్ల ధాన్యం దంచిపెట్టి, వాళ్లు పెట్టింది తిని బతికేది.

ఒక ఏడు ఊరివాళ్లు పోడు సేద్యం కోసం కొండవాలు తగలబెట్టబోతుంటే, అక్కడి నీడలో ఆమెకు ఒక పువ్వు కనబడింది. ఆకు లేదు, కాడ లేదు. వట్టి నేలలోంచి పువ్వు. తెల్లటి రేకులు, మధ్యలో ఊదారంగు. దాన్ని కొండకలువ అంటారు. మంట రాకముందే దుంప తవ్వి కొంగున కట్టుకుంది.

తెచ్చి ముంగిట్లో ఎండలో నాటింది. మాడిపోయింది. ఇంకా పైకెక్కి మరో దుంప తెచ్చి వాగు ఒడ్డున తడిలో నాటింది. కుళ్లిపోయింది. మూడోసారి కొండ అవతలికి పోయి తెచ్చి, పనసచెట్టు కింద, రాలిన ఆకుల మధ్య నాటింది. అది బతికింది. బతకడమే కాదు, ఏటేటా పిల్లలు పెట్టి చెట్టు కింద నేలంతా తనదే చేసుకుంది.

దాని తీరే వేరు. వానాకాలమంతా పచ్చగా ఉంటుంది. చలి మొదలవగానే ఆకులు పండి రాలిపోతాయి. ఇక ఎండాకాలం చివరిదాకా అక్కడ మట్టి తప్ప ఏమీ కనబడదు. ఆ మట్టి చుట్టూ బుద్రి ముళ్లకంప కట్టి, కోళ్లను తరుముతూ కూర్చునేది. ఊరికి ఇంతకంటే వినోదం ఏం కావాలి? మట్టికి కాపలా కాస్తోందని ఆటపట్టించేవారు. అందరికంటే ఎక్కువ నవ్వింది పక్కింటి గురి.

"సచ్చిపోయినదానికి కంప ఎందుకప్పా?" అనేది గురి, అక్క వరసతో.

"సావనేదు, తొంగుంది," అనేది బుద్రి, నిద్రపోయే బిడ్డను చూపినట్టు. "తొంగున్నదాని మీద నీల్లు పోత్తే కుల్లిపోద్ది."

తొలివాన పడ్డాక పువ్వులు పైకి లేచేవి. అప్పుడు ఊరంతా ఒకటే వాసన. నవ్వినవాళ్లే వచ్చి తలలో పెట్టుకునేవారు. బుద్రి ఎవర్నీ కాదనలేదు.

ఆ ఊరికి ఒక ఆచారం ఉండేది. మనిషి పోతే, ఆ మనిషి పెంచిన మొక్కకు ఊరంతా తలో కుండ నీళ్లు పోయాలి. పోస్తూ పేరు పిలవాలి. అలా నీళ్లు అందినవాళ్లే పెద్దల్లో కలుస్తారు. అందనివాళ్లు దాహంతో తిరుగుతారని, వాళ్ల పేరు మళ్లీ ఎవరూ ఎత్తకూడదని నమ్మకం. పిల్లల్లేని బుద్రికి ఆ కుండల నీళ్లే దిక్కు.

ఒక చలికాలం బుద్రి మంచం పట్టింది. కంపలోపల వట్టి మట్టి. కొండవాలులన్నీ పోడు కింద కాలిపోయాయి. కొండకలువంటూ మిగిలింది ఆ పనస నీడలోనే. బుద్రి గురిని పిలిచింది.

"నాను పోతే ఈడ నీల్లు పొయ్యనీకు," అంది.

గురికి ఈసారి నవ్వు రాలేదు. "నీల్లు అందకపోతే నీ పేరు పోద్దప్పా. నిన్నెవులు తలుత్తారు?"

"పేరు మీద నాకూ ఆశే గురీ. నేదని ఎలా సెప్పను? గాని నాకు పోసిన నీల్లు దాన్ని సంపేత్తాయి." అలా చెప్పి కళ్లు తుడుచుకుంది. మర్నాడు పోయింది.

ముందు ఆడవాళ్లు కుండలతో వచ్చారు. వాళ్లకు బుద్రి మీద ప్రేమే తప్ప చెడ్డబుద్ధి లేదు. ప్రేమగా పోస్తే మాత్రం దుంప కుళ్లకుండా ఉంటుందా? గురి కంపకు అడ్డంగా నిలబడింది. "సావనేదు, తొంగుంది," అంది. వాళ్లు వెనక్కి పోయారు.

తర్వాత ఊరిపెద్ద నాయుడు వచ్చి ఆచారం తప్పకూడదన్నాడు. "సావనేదు మావా, తొంగుంది. ఇది ఆయమ్మ ఆకరి మాట," అంది గురి. నాయుడూ వెనక్కి పోయాడు.

చివరికి పూజారి వచ్చాడు. దాహంతో తిరిగే బుద్రి ముందు నీ ఇంటికే వస్తుందని భయపెట్టాడు.

"రానీండి," అంది గురి. "నా ఇంట్లో కుండ నిండుగానే ఉంటాది."

ఊరు గురితో మాట్లాడటం మానేసింది. ఎండాకాలం వచ్చి నేల నెర్రెలిచ్చింది. గురికే అనుమానం పట్టుకుంది. కుండ ఎత్తుకుని కంపదాకా పోయి, పోయలేక తిరిగొచ్చింది. ఇటు నీళ్లూ పోయలేదు, అటు పువ్వూ రాలేదు, బుద్రికి రెండువిధాలా అన్యాయం చేశానని కుమిలి కుమిలి ఏడ్చింది.

అప్పుడు ఉరిమింది. వాన కురిసి వెలిసింది. కొన్నాళ్లకే పనసచెట్టు కింద కాలు పెట్టే సందు లేకుండా పువ్వులు. ఊరంతా వచ్చి చూసింది. నాయుడు తలపాగా తీశాడు.

"ఊరు పొయ్యని నీల్లు వాన పోసింది," అని, గొంతెత్తి బుద్రి పేరు పిలిచాడు. వెనకే ఊరంతా పిలిచింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరు పోయినా వెంటనే నీళ్లు పోయరు. తొలివాన దాకా ఆగుతారు. వాన మొదలవగానే కంప చుట్టూ తడుస్తూ నిలబడి, ఆ ఏడు పోయినవాళ్ల పేర్లు పిలుస్తారు. నాయుడింటి మనిషి పోయినా సరే, ఆ పేరు తర్వాతే. ముందు బుద్రి పేరు. అందరి పేర్లూ వాళ్ల వాళ్ల పిల్లలే పిలుస్తారు. బుద్రి పేరు మాత్రం ఊళ్లో ఉన్న పిల్లలంతా పిలుస్తారు.