పదో గ్రహం

విరులకొండను ఏలే భైరవభూపతికి నవగ్రహాలంటే కడుపుమంట. శనివారం వచ్చిందంటే ఊరు ఊరంతా గుడికిపోయి వాటి చుట్టూ తిరుగుతుంది. తాను ఏనుగెక్కి వీధిన పోతున్నా తల తిప్పి చూసే దిక్కులేదు.

"ఆ తొమ్మిది రాళ్లకున్న మర్యాద నాకు లేదా? ఇకనుంచి నేనే పదో గ్రహాన్ని. నా చుట్టూ తిరగనివాడికి కొరడాదెబ్బలే!" అని చాటింపు వేయించాడు.

మర్నాడు గానుగ ఆడించే సిద్ధమ్మ అందరికంటే ముందు వచ్చింది. రాజు మురిసిపోయి మీసం దువ్వాడు. ఆమె ఆయన చుట్టూ భక్తిగా తిరిగి, కుండెడు నువ్వులనూనె నెత్తిన గుమ్మరించింది.

"ఎంత పొగరే నీకు!" రాజు కళ్లు తుడుచుకుంటూ అరిచాడు.

"శనిదేవుడికి ఇలాగే చేస్తాం మహాప్రభూ. నా ఎద్దు కాలు విరిగింది, కోడలికి జ్వరం తగ్గలేదు. అంతా గ్రహాల పీడే అన్నారు. ఇప్పుడు తమరూ వాటిలో చేరారు కదా!"

"అంటే మీరు తిరిగేది ప్రేమతో కాదా?"

"ప్రేమా! మమ్మల్ని వదిలి పొమ్మని తిరుగుతాం దొరా."

రాజు వాకిట్లోకి తొంగిచూశాడు. కష్టాలున్న వాళ్లంతా నూనెకుండలు పట్టుకుని బారులు తీరి ఉన్నారు. ఆయన పెరటిదారి పట్టాడు.

పదో గ్రహం ఆ పూటే అస్తమించింది.