బూరలో పాకం

గరుడాపురం రాజావారికి ఫ్రెంచి బూర ఊదడమంటే మహా మోజు. దాని మీటలు మాత్రం రెండోనాటికే బిగుసుకుపోయేవి. కంచరి గవరయ్య బూర విప్పి, మీటల కింది కవాటాలు కడిగి, నూనె వేసి ఇచ్చేవాడు. మర్నాటికి మళ్లీ అదే గోల.

"లోపం నీ చేతిలోనే ఉందిరా! దసరా కచేరీలో మీట బిగిసిందా, నిన్ను కోట బయటికి గెంటిస్తాం," అన్నారు రాజావారు కాజా నములుతూ.

తాతలనాటి కొలువు పోతుందని గవరయ్యకు భయం. ఉన్నమాట మొహంమీద అనే ధైర్యమూ లేదు.

"ఎవరో గిట్టనివాళ్లు బూరలో పాకం పోస్తున్నారు ప్రభూ. తమ పడకగదిలోనే దాచి, ఎవర్నీ తాకనివ్వకండి. దొంగ దొరుకుతాడు," అన్నాడు.

రాజావారు రోజూలాగే ఊదుకుని, బూరను పక్కలోనే పెట్టుకుని పడుకున్నారు. అయినా మర్నాటికి మీట బిగిసింది. గవరయ్య వారి ఎదుటే కవాటం ఊడదీస్తే లోపలంతా జిగట పాకం!

"మేము తప్ప ఎవరూ ముట్టలేదే!" అన్న రాజావారి చెయ్యి కాజాల పళ్లెం మీదే ఆగిపోయింది. మెల్లగా పళ్లెం పక్కకి జరిపారు. "నీ కొలువుకేం ఢోకా లేదులే. మరి ఈ దొంగని గెంటించాలంటావా?"

"అంతదాకా ఎందుకు ప్రభూ? ఊదేముందు తమరు కాస్త నోరు పుక్కిలిస్తే, ఆ నీళ్లతో వాడే పోతాడు."