జగజ్జాలం వారికి రాజుగారి విందు

ఆ వేసవిలో చింతలదుర్గం రాజు ప్రతాపభూపతికి వీడియో గేముల పిచ్చి పట్టింది. వేట మానేశాడు, వాహ్యాళి మానేశాడు. సింహాసనం మీద బాసింపట్టు వేసుకుని ఫోనులో రాక్షసుల్ని చంపుతూ కూర్చున్నాడు. మొర పెట్టుకోవడానికి వచ్చినవాళ్లు ఆయన చచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. ఆటలో చచ్చేదాకానే లెండి.

ఆయనకు ఆటతోడు పాపాంబ. కొత్త ఆట ఏది వచ్చినా ముందు తను ఆడి, మొహమాటం లేకుండా అభిప్రాయం చెప్పడం ఆమె ఉద్యోగం. బాగుంటే బాగుందనేది, చెత్తయితే చెత్తనేది. అందుకే రాజు ఆమెను నెత్తిన పెట్టుకున్నాడు. అందుకే కంపెనీలవాళ్లకు ఆమె పొడ గిట్టేది కాదు.

ఒకరోజు జగజ్జాలం అనే కంపెనీ నుంచి సర్వజిత్తు అనే పెద్దమనిషి కొలువుకు వచ్చాడు. మండుటెండలో కోటు, వేలివేలికీ ఉంగరం. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లను కాక ఆ ఉంగరాల్నే చూసుకునేవాడు.

"ప్రభూ, ఇకమీదట రాజ్యంలో ఎవరు ఏ ఆట ఆడినా మా యాప్‌లోనే ఆడాలని ఒక్క శాసనం వేయించండి. మిగతావన్నీ తీసేద్దాం. తమరికి బంగారు గుర్రం, మంటలు కక్కే కత్తి ఉచితం."

రాజు పాపాంబ వైపు చూశాడు. ఆమె అప్పటికే ఆ ఆట ఆడి ఉంది.

"బొమ్మలు బ్రహ్మాండం ప్రభూ. గుర్రం జూలు కూడా గాలికి ఊగుతోంది. కానీ ఒక రాక్షసుణ్ణి చంపితే ఒక ప్రకటన. ఇంకొకణ్ణి చంపబోతే నీ శక్తి అయిపోయింది, తర్వాత రా అంటుంది. పెట్టె కొనమంటుంది, అందులో ఏముందో చెప్పదు. డబ్బిచ్చి కొన్న కత్తిని కూడా వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడు పీకేసుకుంటారు."

సర్వజిత్తు నవ్వాడు. "ఊరించడమే మా కళ ప్రభూ. ఊరించినకొద్దీ ఇష్టం పెరుగుతుంది. ఈవిడకు ఆడటం చేతకాక ఏడుస్తోంది."

చేతకాదన్న మాటకు పాపాంబకు ఒళ్లు మండిపోయింది. కానీ రాజు మనసు అప్పటికే బంగారు గుర్రమెక్కేసింది.

"రేపు విందు కాగానే శాసనం మీద ముద్ర వేస్తాను," అన్నాడు. "ఈలోగా ఇతను చెప్పింది తప్పని నాకు తెలిసొచ్చేలా చెయ్యి, పాపాంబా. లేదంటే నీ కొలువు కూడా ఇతనికే."

"అయితే రేపటి వడ్డన నాకు వదిలెయ్యండి ప్రభూ," అంది పాపాంబ.

చింతలదుర్గంలో ఒక ఆచారం ఉంది. అతిథి మొదటి ముద్ద తినేదాకా రాజు విస్తట్లో చెయ్యి పెట్టకూడదు. మర్నాడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వేడన్నం, ముద్దపప్పు, పైన కమ్మటి నెయ్యి. సర్వజిత్తు చెయ్యి చాపాడు. పాపాంబ అతని విస్తరికి విసనకర్ర అడ్డం పెట్టింది.

"ఆగండి. ముందు ఒక ప్రకటన."

ఆస్థాన నూనె వర్తకుడు లోపలికొచ్చి, తన ఆముదం రాస్తే బట్టతల మీద కూడా జుట్టు ఎలా మొలుస్తుందో రాగం తీసి పాడాడు. సర్వజిత్తు మధ్యలో వద్దన్నాడని మళ్లీ మొదటినుంచి పాడాడు.

పాట అయ్యాక సర్వజిత్తు మళ్లీ చెయ్యి చాపాడు.

"అయ్యో, అప్పుడే రెండుసార్లు చాపేశారండీ. మీ శక్తి అయిపోయింది. ఎండ ఆ స్తంభం దాకా వస్తే గానీ మళ్లీ నిండదు."

రాజు కడుపులో పేగులు అరిచాయి. ఆయన విస్తట్లో నెయ్యి పేరుకుంటోంది.

ఎండ స్తంభం దాకా వచ్చింది. పాపాంబ మూతలు పెట్టిన గిన్నెలు వరసగా తెచ్చి పెట్టించింది. "వీటిల్లో బొబ్బట్లున్నాయి. మొదటి ముద్ద వీటిల్లోంచే తినాలి. మీ అదృష్టం ఎలా ఉందో చూసుకోండి."

సర్వజిత్తు ఒక మూత తీశాడు. ఉప్పు. ఇంకోటి తీశాడు. మళ్లీ ఉప్పే.

"అది మామూలు ఉప్పు కాదండీ, అరుదైన ఉప్పు," అంది పాపాంబ. "ఇంకో మూత తియ్యాలంటే మాత్రం ఉంగరం ఇవ్వాలి."

ఆకలి మీదున్నాడేమో, ఉంగరం తీసి ఇచ్చేశాడు. ఈసారి నిజంగానే గుత్తివంకాయ వచ్చింది. ఆత్రంగా విస్తట్లో వేసుకునేసరికి వడ్డించేవాళ్లు విస్తరిని అన్నంతో, వంకాయతో సహా లాగేసి చిన్న ఆకు ఒకటి పరిచారు.

"విస్తరి కొత్తది వచ్చిందండీ. పాతదాంట్లోవి ఇందులోకి రావు."

"పాపాంబా, ఆయనకు ఒక్క ముద్ద పెట్టవే తల్లీ," అన్నాడు రాజు నీరసంగా.

"ఇంత ఊరిస్తున్నాం కదా ప్రభూ, ఇష్టం పెరిగిందో లేదో కనుక్కోండి."

సర్వజిత్తు కోటు విప్పి అవతల పారేశాడు. "ఇష్టమా, నా బొందా? తిండి ముందుపెట్టి తిననివ్వకపోతే దాన్ని భోజనం అంటారా? నాకు వడ్డించాక అది నాది. మధ్యలో లాక్కోవడానికి మీరెవరు? ఇలా పెడితే కుక్క కూడా తినదు."

పాపాంబ రాజు వైపు తిరిగి నెమ్మదిగా అంది.

"ఆయనకు తినడం చేతకాక ఏడుస్తున్నారు ప్రభూ."

సభ గొల్లుమంది. ఒక్క రాజు మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి, వడ్డించేవాళ్ల గిన్నెల్లోంచి పప్పన్నం తీసి ముద్ద కలిపి సర్వజిత్తు నోట్లో స్వయంగా కుక్కాడు. అప్పుడు తన చోటుకు వెళ్లి నాలుగు ముద్దలు గబగబా మింగాడు. ప్రాణం కుదుటపడ్డాక అడిగాడు.

"నా జనాన్నంతా ఇలా కూర్చోబెడదామనుకున్నావటయ్యా?"

రాజు ముద్రను పెట్టెలో పెట్టించేసి, కొలువు శాశ్వతంగా నీదేనని పాపాంబతో చెప్పాడు. మెడలోని ముత్యాల హారం తీసి ఆమెకిచ్చాడు. ఆ తర్వాత మిగిలిన గిన్నెల వైపు ఆశగా చూశాడు.

"ఇంతకీ బొబ్బట్లు ఏ మూత కింద ఉన్నాయి?"

"ఏ మూత కిందా లేవు ప్రభూ. మూతలు తీయించడానికి అలా చెప్పాం. బొబ్బట్లు వంటింట్లోనే ఉన్నాయి."

అప్పుడు నవ్వాడు రాజు. నవ్వీ నవ్వీ పొలమారితే, మంచినీళ్ల చెంబు అందించినవాడు సర్వజిత్తే.