గవ్వల మొనకి వెళ్ళిన వంటింటి రాకుమారుడు

అనగనగా ఒక రాజుగారు. ఆయనకి ఏడు మేడలూ లేవు, ఏడుగురు భార్యలూ లేరు. సముద్రపు ఒడ్డున ఒక కోట, ఆ కోటలో ఒకే ఒక్క రాణి, ఆ రాణికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తి దూస్తే గాలి కూడా పక్కకి తప్పుకునేది. రెండోవాడు మణికంఠుడు, నడుస్తుంటే ఒంటిమీది నగలు గలగలలాడేవి. మూడోవాడు శ్రీముఖుడు. వీడికి కత్తీ లేదు, నగా లేదు. పొద్దస్తమానం తల్లి వెనకాలే వంటింట్లో తిరిగేవాడు.

"ఏరా వంటింటి రాకుమారా, ఇవాళ గరిటెతో ఏ రాజ్యం గెలిచావు?" అని అన్నలు ఏడిపించేవారు. వాడు నవ్వి గరిటె తిప్పుకునేవాడు.

రాణి మాణిక్యాంబగారి జ్ఞాపకం అంతా ఇంతా కాదు. ఏ పిల్ల ఏ నక్షత్రాన పుట్టింది, ఏ ముత్తాత తిథి ఎప్పుడు, పాలు పోసే గౌరి అత్తగారికి ఏ కూర పడదు, అన్నీ ఆవిడ నాలుక చివర ఉండేవి. ఊరంతటికీ ఆవిడే పంచాంగం.

ఒకనాడు తూర్పు నుంచి ఓడ మీద ఒక ముసలాయన వచ్చాడు. భుజం మీద నల్లటి నీటికాకి, దాని మెడకి బిగించి కట్టిన తాడు. రాణిగారు పీట వేసి, వెండిగిన్నెలో పరమాన్నం పోసి తనే వడ్డించింది. తింటూ తింటూ ఆయన "గిన్నె ఎంత ముచ్చటగా ఉందమ్మా" అన్నాడు.

"నచ్చిందా బాబూ? తీసుకెళ్ళండి."

ఆ ఇంటి పద్ధతి అది. వచ్చినవాళ్ళు ఏదైనా బాగుందంటే, ఇది నాది అనకూడదు.

"ఇన్ని పేర్లు, ఇన్ని తిథులు! మీ జ్ఞాపకం ఇంకా బాగుందమ్మా" అన్నాడాయన.

"నాదేముంది, అదీ మీదే అనుకోండి" అనేసింది రాణిగారు, అలవాటు కొద్దీ.

ముసలాయన గిన్నె మీద అరచెయ్యి మూతలా పెట్టి చల్లగా లేచి వెళ్ళిపోయాడు. ఆయన మాంత్రికుడని అప్పుడెవరికి తెలుసు?

తెల్లారి రణధీరుడు దణ్ణం పెట్టడానికి వస్తే తల్లి వాడిని ఎగాదిగా చూసి, "పెద్దోడా, నీ పేరేమిటి నాయనా?" అంది.

కోటంతా గొల్లుమంది. పురోహితులు కళ్ళు మూసుకుని ధ్యానం చేసి చెప్పారు. "మొదటి నెల పేర్లు పోతాయి. రెండో నెల ముఖాలు పోతాయి. మూడో నెల దాటితే నోట్లో ముద్ద మింగడం కూడా మరిచిపోతారు. ఆ మాంత్రికుడిది పొద్దు పుట్టే దేశం. మనం జపాను అంటామే, ఆ దేశంలో గవ్వల మొన అని ఒకటుంది. అక్కడుంది గిన్నె."

మొదటి నెల రణధీరుడు కత్తి తీసుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు. రెండో నెల మణికంఠుడు నగల పెట్టె తీసుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు. మూడో నెల మొదటిరోజున శ్రీముఖుడు తల్లికి అన్నం కలిపి తినిపిస్తుంటే ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని, "ఇంత ఓపిగ్గా పెడుతున్నావు. నీకు తల్లి ఉందా బాబూ?" అని అడిగింది.

"ఉందండీ" అన్నాడు వాడు. ఆవిడ మూతి తుడిచి లేచాడు. తర్వాత కాసిన్ని బియ్యం, ఒక చింతపండు ఉండ, ఒక చిన్న తపేలా మూట కట్టుకున్నాడు.

ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. శ్రీముఖుడు దాన్ని తిరగేసి నీళ్ళలో వదిలాడు.

"ఎక్కడికి నాయనా, మూటతో బయల్దేరావు?" అంది తాబేలు.

"గవ్వల మొనకి."

"నీ ఇద్దరన్నలూ నా పక్క నుంచే ఓడలెక్కారు. ఒక్కడైనా కిందకి చూస్తేనా! ఎక్కు నా వీపు మీద."

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం, ఏడూ దాటారు. పెరుగు సముద్రం దగ్గర మాత్రం శ్రీముఖుడు కాస్త రుచి చూసి, "అమ్మ తోడు పెట్టినంత కమ్మగా లేదు" అన్నాడు.

"కోటలో పుట్టినవాడివి, వంకలు పెట్టకుండా ఎలా ఉంటావులే" అంది తాబేలు. ఒడ్డు చేరాక ఒక చిన్న గవ్వ ఇచ్చింది. "నాలుక కింద పెట్టుకో, ఈ దేశపు మాట వస్తుంది."

గవ్వల మొనని చూసి శ్రీముఖుడు అడుగు వెయ్యడం మరిచిపోయాడు. సముద్రంలోకి ఏనుగు తొండంలా చాచుకున్న నల్లటి కొండ. మీద దేవదారు చెట్లు, వందేళ్ళ గాలికి అన్నీ ఒకేవైపు వంగి దణ్ణం పెడుతున్నట్టున్నాయి. నీళ్ళలో రెండు ఎర్రటి స్తంభాల ద్వారం, తలుపులు లేవు. అల వస్తుంది, ద్వారంలోంచి లోపలికి వెళ్తుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది, గుడికి వచ్చిపోయే జనంలా. వాడు చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

అప్పుడు నీళ్ళలోంచి ఈలలాంటి శబ్దం వచ్చింది. తెల్లబట్టలు కట్టుకున్న ఒక అమ్మాయి తల పైకెత్తి ఊపిరి వదులుతోంది. సముద్రం అడుక్కి మునిగి గవ్వలు ఏరేవాళ్ళ పిల్ల, పేరు చిదోరి.

"కొత్తవాడా, ఆ రాళ్ళ మీద కూర్చోకు, అవి కొత్తగా మొలిచాయి" అందామె. "ఒకటి ఎప్పుడూ కోపంగా కనిపిస్తుంది. రెండోది ఎండలో తళతళలాడుతుంది."

శ్రీముఖుడు రెండింటినీ తడిమి చూశాడు. "మా అన్నలు" అన్నాడు. వచ్చిన పని చెప్పాడు.

చిదోరి పక్కన కూర్చుని జుట్టు పిండుకుంటూ ఆ మొన కథ చెప్పింది. "ఈ కొండ కింద గుహలో సముద్రపు అవ్వ ఉండేదిట. ఎవరింట పెళ్ళి అయినా గుహ ముందు నిలబడి ఇన్ని గిన్నెలు కావాలి అవ్వా అంటే, తెల్లారేసరికి రాతి మీద ఉండేవి. పని అయ్యాక తిరిగి ఇవ్వాలి, ఉత్తగిన్నె ఇవ్వకూడదు. గుప్పెడు బియ్యమో, చిటికెడు ఉప్పో వెయ్యాలి."

"మా ఊళ్ళోనూ అంతే. పక్కింటివాళ్ళ గిన్నె ఉత్తది తిరిగి ఇవ్వం."

"ఒకడు ఇచ్చాడు. తన పెళ్ళికి తెచ్చుకున్న గిన్నె ఉత్తది విసిరేశాడు. అవ్వ గుహ మూసేసింది. నువ్వు ఎవరికీ గుర్తుండవు పో అందిట. అంతే, సాయంత్రానికి పెళ్ళాం గుర్తుపట్టలేదు. వారానికి తన పేరు తనకే తెలియలేదు. చావు కూడా మరిచిపోయింది వాడిని. అప్పటినుంచి మంత్రాలు నేర్చి, ఊళ్ళమ్మట తిరిగి ఎవరి జ్ఞాపకాలో తెచ్చుకుంటున్నాడు. వాడి ప్రాణం ఆ నీటికాకిలో ఉంది. నీకు ధైర్యం ఉంటే దాని మెడ విరిచెయ్. నీ అన్నలు లేస్తారు."

"మరి మా అమ్మ జ్ఞాపకం?"

చిదోరి తల దించుకుంది. "అది వాడితోనే పోతుంది."

శ్రీముఖుడు కొండ ఎక్కి మాంత్రికుడి గుడిసె ముందు నిలబడ్డాడు. కోపం దిగమింగి అడిగాడు. "అయ్యా, మా అమ్మ గిన్నె ఇప్పించండి."

ముసలాయన నవ్వాడు. "మూడోవాడివా? మూడు పనులు చెయ్యి, ఇస్తాను. చెయ్యలేకపోతే మూడో రాయివి."

మొదటి పని, సుడిగుండం అడుగున ఉన్న తెల్లరాయి తేవడం. చిదోరి ఒక్క మునకలో తెచ్చి, "నాకిది రోజూ ఉండే పనే" అని వాడి చేతిలో పెట్టింది. రెండో పని, దేవదారు కొసన ఉన్న కొంగ రెక్కలోంచి ఈక తేవడం. శ్రీముఖుడు చెట్టు కింద నిలబడి మర్యాదగా అడిగాడు. "అందరూ రాళ్ళు విసురుతారు, అడిగినవాడివి నువ్వే" అని కొంగ తనే రాల్చింది.

మూడోరోజు ముసలాయన చెప్పాడు. "నేను సముద్రం వైపు తిరిగి కూర్చుంటాను. పొద్దు గుంకేలోగా నన్ను పిలవాలి. నేను తలతిప్పి చూస్తే నువ్వు గెలిచినట్టు. నా పేరు కాని పేరుకి నేను తిరగను. నాకు కూడా తెలియదు అదేమిటో."

శ్రీముఖుడు నోటికొచ్చిన పేరల్లా పిలిచాడు. చిదోరి ఆ దేశపు పేర్లు వంద చెప్పింది, వందా పిలిచాడు. వీపు కదల్లేదు. పొద్దు ఎర్రబడింది. వాడి అరికాళ్ళు చల్లబడి రాయిలా బరువెక్కడం మొదలైంది. అమ్మ మళ్ళీ ముద్ద మింగదు అనుకున్నాడు. నీటికాకి చేతికందేంత దూరంలో వాలి ఉంది. చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు సన్నగా ఒక గొంతు వినబడింది. ముసలాయన ఒళ్ళో గిన్నె పెట్టుకుని తనలో తను మాట్లాడుకుంటున్నాడు. "రణధీరా, నెయ్యి వేసుకో నాన్నా. కంఠం, ఆ నగలు తీసి భోజనానికి కూర్చో. శ్రీముఖం, ఉప్పు చూశావా?" అన్నీ అమ్మ మాటలు. ఒక్కొక్క మాట అని, ఎవరైనా పలుకుతారేమోనని ఆగుతున్నాడు. ఎవరూ పలకడం లేదు. పక్కన నీటికాకి చేపని పట్టి, మెడకి తాడుండి మింగలేక, మళ్ళీ వదిలేస్తోంది.

శ్రీముఖుడి కోపం ఎటు పోయిందో వాడికే తెలియలేదు. బరువెక్కిన కాళ్ళు ఈడ్చుకుంటూ మూడు రాళ్ళు పేర్చాడు. "పుల్లలు తే. సముద్రపు పాచి కూడా తే" అన్నాడు చిదోరితో.

"ఇప్పుడా వంట! మతి గానీ పోయిందా నీకు?"

"తే అమ్మాయీ."

అన్నం వండాడు. చింతపండు పిసికి పాచితో పులుసు కాచాడు. మోకాళ్ళ దాకా రాయి అయిపోయాడు. సూర్యుడు ఇంకా గోరంత ఉన్నాడు. ఆకులో వడ్డించి, అమ్మ వంటింటి గుమ్మంలోంచి పిలిచినట్టే పిలిచాడు.

"తాతయ్యా! అన్నం చల్లారిపోతోంది, రండి!"

ముసలాయన "వస్తున్నా" అని తలతిప్పాడు.

తిప్పాక గానీ ఏం చేశాడో ఆయనకే తెలియలేదు. కొండ మీద గాలి కూడా ఆగింది. శ్రీముఖుడి కాళ్ళు కాళ్ళయ్యాయి.

"అది నా పేరు కాదే" అన్నాడు మెల్లగా.

"మా దేశంలో పెద్దవాళ్ళకి పేరు పెట్టి పిలవం. ఇదే పిలుస్తాం. మా అమ్మ చేతి అన్నం తిన్నారుగా, ఇక మీరు మా వాళ్ళే. పులుసు ఎలా ఉందో చూడండి."

ముసలాయన తిన్నాడు. మారు అడిగి తిన్నాడు. చెయ్యి కడుక్కుని గిన్నె తీసి, దాని మీద మూతలా ఉంచిన రెండో అరచెయ్యి తీసేశాడు. లోపల ఎంత వెలుగో!

"ఈసారి ఉత్తది ఇవ్వను బాబూ" అన్నాడు.

తర్వాత నీటికాకి మెడకున్న తాడు తనే విప్పాడు. అది చేపని మింగి, హాయిగా రెక్కలు విదిల్చి, ఎర్ర ద్వారంలోంచి ఎగిరిపోయింది. తాతయ్య సముద్రం వైపు చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి అక్కడ గుప్పెడు గవ్వలు ఉన్నాయి, ఆయన లేడు.

రాళ్ళు రెండూ ఒళ్ళు విరుచుకున్నాయి. "ఎక్కడ వాడు?" అని రణధీరుడు ఒరలో కత్తి వెతుక్కున్నాడు. "ముందు అన్నం తిను అన్నయ్యా" అన్నాడు శ్రీముఖుడు. మర్నాడు ఊరివాళ్ళు వచ్చి చూస్తే గుహ తెరిచి ఉంది, రాతి మీద వరసగా పెళ్ళి గిన్నెలున్నాయి. చిదోరి సిగ్గుపడి నీళ్ళలో మునిగి చాలాసేపు పైకి రాలేదు.

ఆ గిన్నెలతోనే శ్రీముఖుడికీ చిదోరికీ పెళ్ళయింది. కొత్త పెళ్ళికూతురితో అందరూ ఇల్లు చేరారు. రాణిగారు గిన్నె పెదవులకి ఆనించుకుని తాగింది. ముగ్గురు కొడుకులనీ పేరుపేరునా పిలిచి ఏడ్చింది. చిదోరిని దగ్గరకి తీసుకుని "నీ నక్షత్రం ఏదమ్మా?" అని అడిగింది. రాజుగారు రాజ్యం శ్రీముఖుడికి ఇచ్చారు, అన్నలు ఏమీ అనుకోలేదు. వాడు చిదోరితో కలిసి అరవై ఏళ్ళు ఏలాడు, ఒక్కరిని కూడా పస్తు పడుకోనివ్వలేదు.

గవ్వల మొన సంగతి జరిగి ఏడాది తిరిగింది. రాణిగారు తెల్లవారకముందే తలస్నానం చేసి, విస్తరి వేయించి, పురోహితుడిగారిని పిలిపించింది.

"ఎవరి తిథమ్మా ఇవాళ? నా లెక్కలో లేదే" అన్నారాయన. "సరే, పేరేమిటి? గోత్రమేమిటి?"

"రెండూ తెలియవండి. తాతయ్య అనండి చాలు" అంది రాణిగారు. "ఆయన పలుకుతాడు."

ఆ ఇంట్లో ఇప్పటికీ ఆ రోజున ఒక విస్తరి ఎక్కువ వేస్తారు. కథ ఆ విస్తరి దగ్గర ఆగింది, మనం మన పీటల దగ్గరికి లేద్దాం.