మూడు గవ్వల తాటి కుడుము

దగ్గరికి జరుగు. దుప్పటి అంతా నువ్వే లాక్కోకు, నా కాళ్ళు బయటే ఉన్నాయి. నేను చెబుతుంటే గట్టిగా ఊఁ కొట్టాలి. నోట్లో నోట్లో గొణిగితే కుదరదు, ముందే చెబుతున్నా.

అనగనగా, తాటితోపులు దాటి వెళితే వచ్చే ఒక ఊళ్ళో, వరహాలమ్మ అని ఒక అత్తగారు ఉండేది. ఆవిడకి ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు మాణిక్యం, చిన్నకోడలు భద్రమ్మ.

మాణిక్యం ఆ ఇంటికొచ్చి పన్నెండేళ్ళు. గొంతు గడప దాటకుండా మాట్లాడటమే మర్యాద అని పుట్టింట్లో నేర్పారు. అందుకని ఎంత మెల్లగా మాట్లాడేదంటే, పక్కనే పడుకున్న పిల్లి కూడా చెవి కదిపేది కాదు. అదంటే ఆవిడకి లోపల్లోపల భలే గొప్ప. భద్రమ్మ వచ్చి రెండేళ్ళే. వాళ్ళ పుట్టింట్లో ఆరు మగ్గాలు, పొద్దస్తమానం టకాటకా ఆడుతూ ఉండేవి. ఆ చప్పుడులో పెరిగింది కదా, ఉప్పు కావాలన్నా కేకేసే అడిగేది.

ఆ ఇంటి తాటి కుడుమంటే ఊరంతటికీ ఇష్టం. వినాయక చవితి నాటికి తాటిపళ్ళు ముగ్గి రాలతాయి. వరహాలమ్మ వాటి తొక్క ఒలిచి, పీచులోంచి గుజ్జు పిసికి, అందులో బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరి కోరు, చిటికెడు ఉప్పు కలిపేది. దాన్ని అరిటాకుల్లో పొట్లాలు కట్టి ఆవిరి మీద ఉడికించేది. దానికొక పెద్ద ఇత్తడి గుండిగ ఉండేది, మెడ సన్నం, పొట్ట లావు. వాళ్ళ అత్తగారి అత్తగారిదట. అడుగున నీళ్ళు, నీళ్ళ మీద గడ్డి చుట్ట, దాని మీద పొట్లాలు. ఆ తర్వాత మూత పెట్టి చుట్టూ పిండితో మెత్తేసేది. అప్పుడు వంటింట్లోకి ఎవరినీ రానిచ్చేది కాదు. దించేదాకా మూత తియ్యకూడదు. తీశామా, ఆవిరి పోయి కుడుము రాయిలా బిగుసుకుపోతుంది.

ఆ ఏడు వరహాలమ్మ కోడళ్ళిద్దరినీ పిలిచి చెప్పింది. "నాకు ఓపిక తగ్గిందర్రా. ఈ చవితికి నేనే వండుతాను. పూజయ్యాక ఈ గుండిగ మీ ఇద్దరిలో ఒకరికి అప్పజెబుతాను."

ఇంకెవరికి, నాకేగా అనుకుంది మాణిక్యం. పన్నెండేళ్ళుగా ఆ పీచు పిసికి పిసికి గోళ్ళు పసుప్పచ్చబడ్డాయి మరి.

అప్పటినుంచీ ఆవిడ కళ్ళు అత్తగారి మీదే. ఒకరోజు వెనకనుంచి వెళ్ళి, "అత్తయ్యా, బెల్లం తరగనా?" అని అడిగింది. అత్తగారు పలకలేదు. అప్పుడు భద్రమ్మ వచ్చి, "అత్తయ్యా, బెల్లం తరగనా!" అని కేకేసింది. "తరుగమ్మా, తరుగు తల్లీ," అంది అత్తగారు. మాణిక్యానికి ఒళ్ళు మండింది.

ఆ తర్వాత ఇంకో రోజు, "అత్తయ్యా, నాకు ఒళ్ళు వెచ్చగా ఉంది," అంది మాణిక్యం. అత్తగారు అటు తిరిగి బియ్యం చెరుగుతూనే ఉంది. అదే రోజు భద్రమ్మ కాలికి ముల్లు గుచ్చుకుని గోలపెడితే, అత్తగారు చేట పక్కన పడేసి పరుగెత్తి, ఒళ్ళో కాలు పెట్టుకుని మరీ తీసింది. మాణిక్యం ఆ జ్వరంతోనే గిన్నెలు తోమింది. తోముతూ ఏడ్చింది. జ్వరానికి కాదు, ఆ ముల్లుకి.

మూడోది ఇంకా పెద్దది. చవితి ఇంకో వారం ఉందనగా మొదటి తాటిపండు రాలింది. రుచి చూద్దామని అత్తగారు నాలుగు పొట్లాలు పెట్టింది. పొయ్యి దగ్గర అత్తగారూ చిన్నకోడలూ పక్కపక్కన కూర్చున్నారు. మాణిక్యం తలుపు చాటు నుంచి చూసింది. అత్తగారు కొంగు ముడి విప్పి గుండిగలో ఏదో వేసింది. కాసేపటికి ఏదో అడిగింది. భద్రమ్మ ఆవిడ చెవిలో నోరు పెట్టి ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఊరంతటికీ వినపడేలా మాట్లాడే మనిషికి గుసగుసలా! ఏదో మందు కలుపుతున్నారు, నాకు తెలియకుండా దానికి నేర్పేస్తోంది అనుకుంది మాణిక్యం. అంతే, కుళ్ళు మొదలైంది. అన్నం సయించలేదు. భద్రమ్మ తలలో పువ్వు చూసినా కుళ్ళే, భద్రమ్మ నవ్వు విన్నా కుళ్ళే. కుళ్ళంటే ఏంటనా? పొద్దున చెల్లికి పెద్ద ముక్క పెట్టానని మూతి ముడుచుకున్నావే, అది. ఊఁ కొట్టు.

చవితి పొద్దున వరహాలమ్మ తలస్నానం చేసి, గుండిగలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసింది. కొంగు ముడి విప్పి అందులో ఏదో వేసింది. మీద గడ్డి చుట్ట పెట్టి, అరిటాకులు కోసుకు రావడానికి పెరట్లోకి వెళ్ళింది.

అప్పుడు మాణిక్యం గబగబా వచ్చింది. గడ్డి పక్కకి తీసి నీళ్ళల్లో చెయ్యి పెట్టింది. ఏం దొరికాయనుకున్నావు? మూడు గవ్వలు! చిన్న చిన్న తెల్ల గవ్వలు. "ఇవన్నమాట ఆ మందు," అనుకుని తన కొంగుకి ముడేసుకుంది. ఇవి నా దగ్గరుంటే ఆ రుచి నా చేతికే వస్తుందనుకుంది పిచ్చిది.

ఆ తర్వాత భద్రమ్మని పిలిచింది. "పూజకి పత్రి చాలదు. నువ్వెళ్ళి మారేడాకులు కోసుకురా."

"సరే అక్కా!" అని కేకేసి వెళ్ళింది భద్రమ్మ. మాణిక్యం వెళ్ళి పొయ్యి పక్కన, భద్రమ్మ కూర్చునే పీట మీద కూర్చుంది. ఇన్నాళ్ళకి ఆ చోటు తనదైంది.

అత్తగారు పొట్లాలు సర్ది, మూత పెట్టి, పిండి మెత్తి, మంట వేసింది. కాసేపయ్యాక మాణిక్యం వైపు తిరిగి, "మోగుతున్నాయా?" అంది.

ఏం మోగాలో మాణిక్యానికి తెలియదు. అడగొచ్చుగా? అడగలేదు. చిన్నదానికి తెలిసింది నాకు తెలియదంటే ఎంత చిన్నతనం! తల ఊపింది.

ఇంకాసేపటికి అత్తగారు మళ్ళీ, "మోగుతున్నాయా?" అంది. మళ్ళీ తల ఊపింది. మూడోసారి అడిగింది. మూడోసారీ ఊపింది.

అప్పుడు మూత పక్కనుంచి సన్నగా పొగ వచ్చింది. ఆ వెంటనే మాడు వాసన. సరిగ్గా అప్పుడే భద్రమ్మ పత్రి పట్టుకుని వచ్చింది. "అత్తయ్యా! గవ్వల చప్పుడేదీ? నీళ్ళన్నీ ఇగిరిపోయాయి!"

గబగబా దించారు. మూత తీస్తే ఏముంది, గడ్డి బొగ్గయింది. పొట్లాలన్నీ నల్లగా మాడిపోయాయి. బయటేమో వీధిలోవాళ్ళంతా ఆకు దొప్పలు పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు.

వరహాలమ్మ నేల మీద కూలబడింది. "నాదే తప్పర్రా. నీళ్ళు మరిగేటప్పుడు గవ్వలు ఎగిరెగిరి గుండిగకి కొట్టుకుంటాయి. ఆ చప్పుడు పల్చబడిందంటే కుడుము ఉడికినట్టు, దించెయ్యాలి. ఇన్నేళ్ళూ చెవితోనే వండాను. ఏడాదిగా నాకు చెవులు వినపడటం లేదే మాణిక్యం. నలుగురూ నవ్వుతారని దాచాను. దీనిది పెద్ద గొంతు కదా, దీని మాటొక్కటే అందేది. ఎవరికీ చెప్పొద్దని దీని చేత ఒట్టేయించుకున్నాను. చెవులు పోతే పోయాయి, ఇవాళ గవ్వలు వెయ్యడం కూడా మర్చిపోయాను. మతి కూడా పోయింది."

మాణిక్యం చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్ళింది. అయితే ఆ బెల్లం మాట అత్తగారికి వినపడలేదన్నమాట. ఆ జ్వరం మాటా వినపడలేదన్నమాట.

వరహాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇంక నా వల్ల కాదు. పెద్దదానివి, ఈ గుండిగ నువ్వే తీసుకో మాణిక్యం," అంది.

చూశావా? ఏది కావాలని కుళ్ళుకుందో అది చేతికొచ్చేసింది. గవ్వలు తీయడం ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే చాలు. కానీ ఆ ముసలావిడ, చెయ్యని తప్పుకి అలా ఏడుస్తుంటే ఎలా మూసుకుంటుంది?

"అత్తయ్యా, తప్పు నాది," అంది మెల్లగా.

"ఏంటీ?" అంది అత్తగారు.

"గవ్వలు నేనే తీశాను," అంది ఇంకాస్త గట్టిగా.

"ఏంటే, సరిగ్గా చెప్పు!"

అప్పుడు మాణిక్యం, గొంతు గడప దాటని మాణిక్యం, గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచింది. "గవ్వలు నేనే దొంగిలించానూ! భద్రమ్మంటే కుళ్ళుకుని దొంగిలించానూ!"

గడపేంటి, ఆ కేక వీధి చివరిదాకా వెళ్ళింది. అరుగు మీద మాటలు ఆగిపోయాయి. చూరు మీది కాకులు లేచిపోయాయి.

వరహాలమ్మ చెవులు రెండూ మూసుకుంది. "అబ్బ! ఎందుకే అంత అరుపు? నేనేమన్నా చెవిటిదాన్నా?" అంది.

ముందు భద్రమ్మ పక్కున నవ్వింది. తర్వాత అత్తగారు నవ్వింది. మాణిక్యం ఏడుస్తూనే నవ్వేసింది.

ఆ తర్వాత గుండిగ తోమి, మిగిలిన పళ్ళు పిసికి, మళ్ళీ కలిపారు. ఈసారి నీళ్ళల్లో గవ్వలు వేసింది మాణిక్యమే. ముగ్గురూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. "మోగుతున్నాయి అత్తయ్యా!" అని మాణిక్యం అత్తగారి ఆ చెవిలో ఒకసారి, ఈ చెవిలో ఒకసారి కేకేసింది. దేవుడికి నైవేద్యం ఆలస్యమైంది, అయినా ఆయన ఏమీ అనుకోలేదు. వీధి వీధంతా వేళ్ళు నాక్కుంటూ తిన్నారు.

మరి గుండిగ ఎవరికిచ్చిందంటావా? గుండిగ చిన్నదానికిచ్చింది. అబద్ధమెందుకు, అప్పుడు కూడా మాణిక్యానికి కాస్త చురుక్కుమంది. ఆ వెంటనే అత్తగారు ఆవిడ అరచెయ్యి తెరిచి మూడు గవ్వలూ అందులో పెట్టింది. ఇంకేముంది, గుండిగ ఒకరి దగ్గర, గవ్వలు ఇంకొకరి దగ్గర, ప్రతి చవితికీ ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళక తప్పలేదు.

ఏంటీ? ఏదో అంటున్నావు... ఆ చెవి కాదు నాన్నా, ఈ చెవిలో చెప్పు. గట్టిగా. ఆఁ, ఇప్పుడు వినపడింది. రేపు చెల్లికి పెద్ద ముక్క నువ్వే పెడతావా? సరే, చూస్తాగా.

గుండిగలో గవ్వలు గలగల,
ఆవిరిలో బెల్లం ఘుమఘుమ,
కుళ్ళంతా పొయ్యిలో భగభగ.
కథేమో కంచికి, కుడుమేమో కంచానికి,
మనమేమో మన మంచానికి!